సంస్మరణ దినాలు – స్మరించవలసిన ప్రశ్నలు

కొన్నేళ్ల కిందట సాహితీ మిత్రులు నాకొక పని అప్పగించారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో ఏటేటా జరుపుకోవలసిన సంస్మరణ దినాలన్నిటినీ నెలలవారీగా ఒక పట్టిక రాసి ఇవ్వాలి. సభలు పెట్టేవాళ్లకు, పత్రికలకు వ్యాసాలు రాసేవాళ్లకు, బడిపిల్లల చేత ఉపన్యాసాలు చెప్పించే ఉపాధ్యాయులకు అది పనికివస్తుందని వాళ్ల ఆలోచన. నేను మూడు గళ్లు గీశాను. మొదటి దాంట్లో తారీఖు, రెండో దాంట్లో పేరు, మూడో దాంట్లో సందర్భం: జయంతి, వర్ధంతి, లేదా సంఘటన. రెండు పూటల్లో ముగిసే పని అనుకున్నాను. కాలేదు. ఎందుకు కాలేదో వివరించడానికే ఈ వ్యాసం.

మొదట రాసుకున్నది జూలై 4. 1946లో ఆ రోజున కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కడవెండి ఇప్పుడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది. ఆనాడు అది నల్లగొండ జిల్లా జనగామ తాలూకా గ్రామం, విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఇలాకా. దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ ఆ ఊళ్లోనే ఉండి పెత్తనం చేసేది. వెట్టికి, అక్రమ వసూళ్లకు ఎదురుతిరిగిన జనం ఆంధ్ర మహాసభ సంఘంలో చేరారు. చేతికర్రలు పట్టుకుని తిరిగే ఆ సంఘాన్ని గుత్పల సంఘమన్నారు. జూలై 4న ఊరేగింపుగా వస్తున్న జనం మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. కొమరయ్య చనిపోయాడు, అతని అన్న మల్లయ్య గాయపడ్డాడు. అంతవరకు గ్రామాలకు పరిమితమైన ప్రతిఘటన ఆ తర్వాత తాలూకాలు దాటింది. తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర రాసిన వాళ్లెవరూ ఈ తారీఖును దాటి ముందుకు పోలేరు.

గొర్రెలు కాచుకునే కురుమ కుటుంబంలో పుట్టిన మనిషి కొమరయ్య. అతని వర్ధంతిని ఉద్యమం మొదటి నుంచీ జరుపుతూనే వచ్చింది. ఇటీవలి సంవత్సరాలలో ఏప్రిల్ 3 జయంతి కూడా దానికి తోడైంది. ఇప్పుడు రెండు రోజులూ అధికారిక కార్యక్రమాలే. పట్టికలో రెండూ రాశాను. రాస్తుండగా ఒక సంగతి తట్టింది. ఉద్యమాలు ముందుగా గుర్తుపెట్టుకునేది మనిషి ఒరిగిన రోజును. ఎందుకంటే ఆ రోజున ఎదురెదురుగా నిలబడ్డ రెండు పక్షాలూ కనబడతాయి: తుపాకి ఎవరిదో, గుండె ఎవరిదో తెలుస్తుంది. పుట్టినరోజులో ఆ రెండో పక్షం ఉండదు. బొమ్మకు దండ వేసేటప్పుడు కాల్చినవాడి ఊసు ఎత్తవలసిన అవసరం రాదు. జయంతి జరపడం తప్పని నేననడం లేదు. పేదవాడి పుట్టుక కూడా గుర్తుంచుకోదగ్గదేనని చెప్పడం మంచిదే. అయితే జయంతి ముందుకు వచ్చి వర్ధంతి వెనక్కి పోతుంటే, దాంతోపాటు వెనక్కి పోయేదేమిటో కూడా చూడాలి.

ఐలమ్మ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. చిట్యాల ఐలమ్మ, లోకం పిలిచే పేరుతో చాకలి ఐలమ్మ. సెప్టెంబరు 26 జయంతి, సెప్టెంబరు 10 వర్ధంతి. 1985లో ఆమె పాలకుర్తిలో కన్నుమూసింది. 2024లో ఆ వర్ధంతి రోజునే హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడతామని ముఖ్యమంత్రి ప్రకటించాడు. బట్టలుతికి బతికిన స్త్రీ పేరు విశ్వవిద్యాలయం గుమ్మం మీదికి ఎక్కడం చిన్న సంగతి కాదు. సంతోషించాను.

పాలకుర్తి అనగానే సాహిత్యకారులకు మొదట గుర్తొచ్చేది పాల్కురికి సోమనాథుడు. ఆ పక్కనే పోతన బమ్మెర. దేశి ఛందస్సు ద్విపదలో సోమనాథుడు రాసిన బసవపురాణంలో మడివాలు మాచయ్య ఒక భక్తుడు, వృత్తిరీత్యా చాకలి. పండిత సాహిత్యం గడప బయట నిలబెట్టిన కులాన్ని ఆ కవి 13వ శతాబ్దంలోనే కావ్యం లోపలికి తెచ్చాడు. ఏడు శతాబ్దాల తర్వాత అదే కులానికి చెందిన స్త్రీ అదే ఊళ్లో నిలబడి అడిగింది భక్తుల వరుసలో చోటు కాదు, తన పంట. ఈ తేడాను గమనించకపోతే ఐలమ్మ మనకు అర్థం కాదు.

ఆమె మల్లంపల్లి మక్తేదారు దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. ఇంటిల్లిపాదీ రెక్కలు ముక్కలు చేసుకుని పండించారు. ఆమె సంఘంలో చేరింది, వెట్టికి రానన్నది. కులవృత్తి తప్ప మరో బతుకు లేదనుకున్న చాకలిది భూమి చేయడమే దేశ్‌ముఖ్‌కు కంటగింపు. ఆ భూమి తనదన్నాడు, పంట కోసుకురమ్మని మనుషుల్ని పంపాడు. భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటి సంఘ నాయకులు, వలంటీర్లు అడ్డం నిలబడ్డారు. పంట ఐలమ్మ ఇంటికే చేరింది. అంటే ఆ పోరాటంలో ఐలమ్మ స్థానం ఏమిటి? ఆమె పట్టాదారు కాదు, కౌలుదారు. కాగితం మీద పేరు లేని మనిషి, పంట మీద హక్కు నాదని చెప్పింది. ఆనాటి తగాదా అంతా అదే.

పట్టిక పూర్తయిందనుకుని ఒక సెప్టెంబరు 10న పాలకుర్తిలో మిత్రులకు చూపించాను. అక్కడ నిలబడ్డ ఒక వృద్ధ రైతు దాన్ని తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుని చదివాడు. తర్వాత నాకిచ్చేస్తూ అన్నాడు:

"తారీఖులు మంచిగనే రాసినవ్ సారూ. పంట ఎవలదో రాయకపోతివి."

నాకు వెంటనే జవాబు దొరకలేదు. తర్వాత మాటల్లో తెలిసింది: అతను నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాడు. 2018లో మొదలైన రైతుబంధు డబ్బు ఎకరం లెక్కన పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాలో పడింది. కౌలుదారుకు అందలేదు. పంట తెచ్చినవాడు ఊళ్లో, పెట్టుబడి సాయం అందుకున్నవాడు పట్నంలో. కౌలుదారులకు గుర్తింపు కార్డులివ్వాలని 2011లో చట్టం వచ్చింది. అంతకుముందు 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అన్న మాటను సృష్టించింది. ఆ చట్టం ఎవరి దయాధర్మమూ కాదు. కడవెండి, పాలకుర్తి లాంటి వందల గ్రామాల ఒత్తిడి లేకపోతే అది ఆ రూపంలో వచ్చి ఉండేది కాదు. అయినా ఐలమ్మ విగ్రహానికి దండ వేసిన చేతుల్లో చాలా చేతులు కౌలుదారు సంగతి వచ్చేసరికి వెనక్కి తగ్గుతాయి. ఆ వృద్ధుడు చెప్పకుండా చెప్పింది ఇదే.

అప్పుడు నేను పట్టికను మళ్లీ మొదటినుంచి చూసుకున్నాను.

తారీఖు గడిలో రాయడానికి ఏమీ లేక నేను పక్కన పెట్టిన పేరొకటుంది. షేక్ బందగీ. కామారెడ్డిగూడెం రైతు. ఇదీ దేవరుప్పుల మండలమే. భూమి తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ధిక్కరించి న్యాయస్థానం దాకా పోయి నిలబడినందుకు 1940 ప్రాంతంలో హత్యకు గురయ్యాడు. జనగామ–సూర్యాపేట రోడ్డు పక్కన అతని సమాధి ఉంది. జనం అక్కడ ఉర్సు జరుపుతారు. ముస్లిములే కాదు, చుట్టుపక్కల రైతులందరూ వస్తారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకంలో నాయకుడి పేరు బందగీయే. చంపినవాడికి ఊళ్లమీద అధికారం ఉంది. చచ్చినవాడికి దక్కింది రోడ్డు పక్కన ఒక గోరీ, నాటకంలో ఒక పేరు. జనం అతన్ని ఉంచుకున్నది తారీఖులో కాదు, జాగాలో. పంచాంగం చూసి కాదు, దారిన పోతూ అతన్ని తలుచుకుంటారు.

ఇంకా వెనక్కి పోతే సర్వాయి పాపన్న. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో అతని కోట ఇప్పటికీ నిలిచి ఉంది. ప్రభుత్వం ఆగస్టు 18న జయంతి జరుపుతోంది. ఇక్కడ మరో చిత్రమైన విషయముంది. పాపన్నకు సంబంధించి మనకు గట్టిగా దొరికే తారీఖులు శత్రుపక్షం రాసినవి. మొగల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ దృష్టిలో అతడు బందిపోటు. 1708లో మొహర్రం దినాలలో ఓరుగల్లు మీద పడి కొల్లగొట్టాడని, 1710లో పట్టుబడి మరణశిక్ష పొందాడని మనకు తెలిసింది ఆ వైపు నుంచే. గీత కార్మికుల ఇంట పుట్టినవాడు కోటలు కట్టడమేమిటన్న ఆశ్చర్యం, అసహ్యం ఆ రాతల్లో ఉన్నాయి. జనం పాడుకున్న పాపన్న కథ వేరు. 19వ శతాబ్దంలో బొయిల్ అనే తెల్లదొర తెలుగు కథాగేయాల మీద రాసినప్పుడు ఆ కథ ఇంకా నోళ్లలో ఆడుతూనే ఉంది. అందులో తారీఖులు ఉండవు. తాళ్లు, తల్లి, తోటివాళ్లు, కోటలు ఉంటాయి. ఒకే మనిషికి రెండు చరిత్రలు: తారీఖు ఉన్న చరిత్ర అతన్ని దొంగ అన్నది, తారీఖు లేని చరిత్ర దొర అన్నది. కాబట్టి తారీఖు ఉన్నంత మాత్రాన నిజం మన చేతికి వచ్చినట్టు కాదని పట్టికలు రాసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

దీనికి తిరుగులేని ఉదాహరణ సెప్టెంబరు 17. 1948లో ఆ రోజున నిజాం లొంగిపోయాడు. అందులో తగాదా లేదు. తగాదా అంతా పేరు మీదే. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి విమోచన దినమంటోంది. అదే ఏడు రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. కొందరు విలీనమంటారు, కొందరు విద్రోహమంటారు. ఒక్క తారీఖుకు ఇన్ని పేర్లెందుకు? ప్రతి పేరూ ఒక ప్రశ్నను ముందుకు తెస్తుంది, మరో ప్రశ్నను మూసేస్తుంది కనుక. రాజు పోయాడా అన్నది ప్రశ్న అయితే జవాబు అవును. భూమి ఎవరిది అన్నది ప్రశ్న అయితే జవాబు అంత సులువు కాదు.

ఈ రెండో ప్రశ్నను తేల్చుకోవాలంటే ఆ తారీఖుకు అటూ ఇటూ ఉన్న రెండు సంఘటనలు చూడాలి. అటువైపు బైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27న, అంటే లొంగుబాటుకు సరిగ్గా మూడు వారాల ముందు, రజాకార్లు, నిజాం బలగాలు ఆ ఊరి మీద పడి ఊచకోత కోశాయి. ఊరిని కాపాడుకున్న బురుజు ఇప్పటికీ ఉంది. ఆనాడు జనగామ తాలూకాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. జిల్లా మారినంత మాత్రాన నా పట్టికలోంచి తీసేయలేదు. ఇటువైపు ధర్మాపురం. దేవరుప్పుల మండలంలోని లంబాడీల ఊరు. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం తలపడ్డ జాటోత్ ఠానూ నాయక్ అక్కడివాడు. అతను చనిపోయింది 1950లో. నిజాం లొంగిపోయి, రజాకార్లు చెదిరిపోయి, భారత సైన్యం వచ్చిన తర్వాత. సెప్టెంబరు 17తోనే అంతా ముగిసి ఉంటే ఠానూ ఎందుకు చనిపోయినట్టు? పోరాట విరమణ ప్రకటన వచ్చింది 1951 అక్టోబరులో. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది అమరులు అని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన గ్రంథంలో లెక్క చెప్పాడు. ఆ పది లక్షల ఎకరాలలో పేదల చేతుల్లో మిగిలిందెంత అన్నది సెప్టెంబరు 17 సభల్లో వినబడని ప్రశ్న.

జనగామ పేజీ ఇలా నిండింది. మహబూబాబాద్ పేజీకి వచ్చేసరికి ఊరి పేరే ఒక పాఠం చెప్పింది. మహబూబాబాద్ అన్నది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద వచ్చింది. జనం నోట ఇప్పటికీ మానుకోటే. 2010 మే 28న ఆ ఊరి రైల్వే స్టేషన్ దగ్గర తెలంగాణ ఉద్యమకారులు రాళ్లతో ఎదిరించి తుపాకి గుండ్లకు గాయపడ్డప్పుడు 'మానుకోట రాయి' అన్నారే గాని మహబూబాబాద్ రాయి అనలేదు. ఆపద వేళ జనానికి పాత పేరే నోటికి వస్తుంది. ఆనాటి డిమాండు 2014 జూన్ 2న నెరవేరింది. రాష్ట్రం వచ్చింది. రాయి పట్టిన పిల్లలు అడిగిన నీళ్లు, నిధులు, నియామకాల లెక్క మాత్రం ప్రతి జూన్ 2న మళ్లీ అడగవలసిందే.

ఈ జిల్లా గంగారం మండలంలో పూనుగొండ్ల అనే కోయ గూడెం ఉంది. అక్కడి నుంచి రెండేళ్లకొకసారి మాఘమాసంలో పగిడిద్దరాజు అడవి దారిన కాలినడకన మేడారం బయలుదేరతాడు. పగిడిద్దరాజు అంటే విగ్రహం కాదు, కోయ పూజారులు మోసుకుపోయే పడిగె. కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరుతారు. మరునాడు చిలుకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్క వస్తుంది. నాలుగోనాడు అందరూ తిరిగి అడవికి పోతారు. మేడారం 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వచ్చింది. దేవతలకు ఈ హద్దులేవీ పట్టవు.

మేడారం జాతర నా పట్టికలో ఇమడలేదు. దానికి తారీఖు లేదు, తిథి ఉంది. ప్రతి ఏడూ రాదు, రెండేళ్లకొకసారి వస్తుంది. అది జయంతి కాదు, వర్ధంతి కూడా కాదు. కానీ దాని కథ వింటే అది నా పట్టికలోని మిగతావాటికి తోబుట్టువే. కరువొచ్చింది, కోయదొర కప్పం కట్టలేదు, కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. తండ్రి, కొడుకు, కూతురు, అల్లుడు పోయారు. సమ్మక్క గాయపడి చిలుకలగుట్ట మీద మాయమైంది. కొడుకు జంపన్న పడ్డ సంపెంగవాగు జంపన్నవాగు అయింది. శాసనాలలో ఈ యుద్ధానికి చోటు లేదు. డోలి కోయలు పడిగెలు విప్పి పాడే కథల్లో ఉంది. కరువు కాలంలో పన్ను అడగడం న్యాయమా అన్న ప్రశ్నను ఒక జాతి శతాబ్దాలుగా పండుగ రూపంలో కాపాడుకుంది. ఏ ప్రభుత్వమూ తారీఖు నిర్ణయించకపోయినా అది ఆగలేదు. 1996లో దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. బస్సులు, రోడ్లు, స్నానఘట్టాలు వచ్చాయి. అదే అడవిలో పోడు భూమికి పట్టా కావాలని కోయలు తిరుగుతూనే ఉన్నారు. గిరిజన భూములు అన్యుల చేతికి పోరాదని 1970లో చట్టం ఉంది, అటవీహక్కులకు 2006లో చట్టం ఉంది. పట్టాలు కొన్ని వచ్చాయి, తగాదాలు తీరలేదు. గద్దెకు బెల్లం బంగారమై వస్తుంది. గద్దె కట్టిన జాతికి మాత్రం నేల కాగితం రావడం కష్టం.

భూపాలపల్లికి పోతే ఈ వైరుధ్యం ఇంకా సూటిగా ఎదురవుతుంది. పరకాల మీదుగా వెళ్లాలి. జాతీయ జెండా ఎగరేయబోయినందుకు 1947 సెప్టెంబరు 2న జనం మీద కాల్పులు జరిగిన ఊరది. దాటి ముందుకు పోతే సింగరేణి బొగ్గుగనులు. వాటి పేరు కాకతీయ ఖని. చెల్పూరు దగ్గరి విద్యుత్ కేంద్రం పేరూ కాకతీయే. సమ్మక్క ఎవరి మీద తిరగబడిందని జనం చెప్పుకుంటారో ఆ వంశం పేరు ఆ అడవి అంచున గనులకూ పొగగొట్టాలకూ పెట్టుకున్నాం. కాకతీయులు చెరువులు తవ్వించారు, గుళ్లు కట్టించారు, కాదనను. కానీ పేరు పెట్టడం కూడా ఒక సంస్మరణే. ఆ సంస్మరణలో కప్పం అడిగినవాడికి చోటు దక్కింది. సింగరేణి సంస్థకు డిసెంబరు 23 ఆవిర్భావ దినం, 1920లో కంపెనీ ఏర్పడిన రోజు. కార్మికవాడల్లో గుర్తుండేది మేడే. కంపెనీ పుట్టిన రోజు ఒకటి, పనిగంటల కోసం పోరాడిన రోజు ఒకటి. రెండింటినీ పట్టికలో పక్కపక్కనే రాశాను. రెండూ ఒకటే అన్న భ్రమ చదివేవాడికి కలగకూడదు.

ఇంత తిరిగిన తర్వాత నాకు అర్థమైంది ఇది. సంస్మరణ దినాలు మూడు రకాలుగా బతుకుతాయి. ఒకటి, జనం జాగాలోనో పాటలోనో తిథిలోనో దాచుకున్నవి: బందగీ గోరీ, పాపన్న కథ, మేడారం గద్దె. రెండు, ఉద్యమాలు నిలబెట్టినవి: జూలై 4, ఆగస్టు 27. మూడు, ప్రభుత్వాలు స్వీకరించినవి. మొదటి రెండూ మూడోదానిలోకి పోవడం ఓటమి కాదు. కొమరయ్య పేరు ప్రభుత్వ ఉత్తర్వులోకి ఎక్కడం వెనుక ఎన్నో ఏళ్ల జనం పట్టుదల ఉంది. అయితే అలా ఎక్కేటప్పుడు మనిషి పైకి వస్తాడు, అతని డిమాండు కిందనే ఉండిపోతుంది. ఫోటో వస్తుంది, పంట రాదు. పోటీ పరీక్షలో ఐలమ్మ ఎప్పుడు పుట్టిందని అడుగుతారు. ఆమె భూమి ఎవరిదని అడగరు. దీనికి ప్రభుత్వాన్ని మాత్రమే తిట్టి ఊరుకుంటే మన బాధ్యత తీరదు. మూడు గళ్ల పట్టిక రాసింది నేనే. నన్నెవరూ అలా రాయమని నిర్బంధించలేదు.

ఆ వృద్ధ రైతు మాట తర్వాత నాలుగో గడి గీశాను. దానికి 'ఏమి అడిగారు' అని పేరు పెట్టాను. కొమరయ్య ఎదుట: వెట్టి పోవాలని. ఐలమ్మ ఎదుట: పండించినవాడికే పంట దక్కాలని. బందగీ ఎదుట: దున్నుకునే నేల తనకే ఉండాలని. ఠానూ ఎదుట: తండాకు భూమి కావాలని. సమ్మక్క ఎదుట: కరువులో కప్పం వద్దని. మేడే ఎదుట: ఎనిమిది గంటల పని. ఈ గడి నింపడానికి మిగతా మూడు గళ్లకన్నా ఎక్కువ కాలం పట్టింది. నింపిన తర్వాత చూస్తే చాలా చోట్ల ఆ అడిగినది ఇంకా తీరనిదే.

ఆ పట్టిక ఇప్పుడు మిత్రుల దగ్గర ఉంది. సభ జరిపేవాళ్లకు ఒకటే విన్నపం. దండ వేసిన తర్వాత నాలుగో గడిలో ఉన్నది పైకి చదవండి. ఎదుట కూర్చున్నవాళ్లలో కౌలుదారు ఎవరైనా ఉంటే వేదిక మీదికి పిలిచి, ఈ ఏడు పంట ఎవరి పేర అమ్ముడుపోయిందో అతన్నే చెప్పమనండి.